అక్కతో తిరిగిన ఫ్లోరెన్స్ గదులు

అక్క కళ్ళ సంగతి నాకు మొదట తెలిసింది మా బడి మెట్ల దగ్గర. అది బాన్సువాడలో ఆడపిల్లల హైస్కూలు. నేను సాంఘిక శాస్త్రం చెప్తాను, ఆమె డ్రాయింగ్ చెప్పేది. ఒకరోజు సాయంత్రం పిల్లలంతా వెళ్ళిపోయాక ఇద్దరం మేడ మీది నుంచి దిగుతున్నాం. ఆమె ఎడమచెయ్యి గోడకు ఆనించి, పెదవులు కదుపుతూ నెమ్మదిగా దిగుతోంది. ఏ దేవుణ్ణో తలుచుకుంటోందనుకున్నాను. ఆఖరి మెట్టు దిగి, "పందొమ్మిది" అని తనలో తాను అనుకుని, అప్పుడు చెయ్యి గోడ మీంచి తీసింది.

మెట్లెందుకు లెక్కపెడుతున్నావని నవ్వుతూ అడిగాను. ఆమె నవ్వలేదు. చుట్టుపక్కల ఎవరైనా ఉన్నారేమో నన్నే చూడమంది. ఎవరూ లేరన్నాక చెప్పింది. చిన్నప్పుడు ఇంట్లోవాళ్ళు రేచీకటి అనుకున్నారట. ముప్ఫై దాటాక పగలు కూడా పక్కలు మూసుకుపోవడం మొదలైంది. హైదరాబాదులో పెద్ద కంటి దవాఖానలో చూపించుకుంటే రెటినా జబ్బు, వంశంలో ఉంటుంది, మందు లేదు అన్నారు. ఎన్నేళ్ళకు పూర్తిగా పోతుందో కూడా చెప్పలేమన్నారు.

"నాకు ఎదురుంగ ఉన్నది మంచిగనే కనవడ్తది చెల్లె. పక్కలే ఉండయి. పైపుల నుంచి చూసినట్టుంటది," అంది. తర్వాత నా చెయ్యి పట్టుకుంది. "నాది పర్మినెంటు నౌకరి గాదు. ఎవ్వరికి చెప్పకు."

చెప్పనని మాటిచ్చాను.

ఆమెది నస్రుల్లాబాద్ వైపు ఒక తండా. ఇంట్లో లంబాడీ భాష, బడిలో తెలుగు. తమ్ముణ్ణీ అతని భార్యనూ వెంటబెట్టుకుని, బాన్సువాడలో బీర్కూర్ రోడ్డు పక్క గల్లీలో రెండు గదుల ఇల్లు కిరాయికి తీసుకుని ఉండేది. తమ్ముడు వరికోత మిషన్ నడిపేవాడు. ఆమె పెళ్ళి చేసుకోలేదు. ఆమె మేనత్తకూ ఇదే జబ్బు ఉండేదని, ఆ సంగతి తెలిసిన సంబంధాలన్నీ ఒక్కొక్కటే వెనక్కి పోయాయని చాలా రోజుల తర్వాత మామూలు మాటల్లో చెప్పింది. నాకంటే ఆరేడేళ్ళు పెద్దది. అందుకే నాకు అక్క అయింది.

ఆమె డ్రాయింగ్ క్లాసు వేరేగా ఉండేది. మా పిల్లలకు బొమ్మ వేయమంటే రెండు గుట్టలు, నడుమ సూర్యుడు, కింద ఒక గుడిసె, దాని పక్కన ఒక వాగు వేసేస్తారు. నేనూ చిన్నప్పుడు అదే వేశాను. అక్క మొదటి రోజే ఆ బొమ్మ వేయొద్దనేది. మన దగ్గర ఆ రెండు గుట్టలు ఎక్కడున్నాయో చూపించమని అడిగేది. బల్ల మీద ఒక ఇత్తడి చెంబు పెట్టి, పెన్సిల్ ముట్టుకోకుండా పది నిమిషాలు దాన్ని చూడమనేది. పిల్లలు మొదట నవ్వేవాళ్ళు, తర్వాత విసుక్కునేవాళ్ళు, ఆ తర్వాత నిజంగానే చూసేవాళ్ళు. చెంబు అంచు మీద కిటికీ వంకరగా కనిపిస్తోందని ఎవరో ఒక పిల్ల అరిచేది. అప్పుడు పెన్సిళ్ళు పట్టుకోమనేది.

ఆమె సంగతి తెలిసింది కాబట్టి, ఆమె పడే తిప్పలన్నీ నాకు కనిపించడం మొదలైంది. క్లాసులో బెంచీల వరుసలు అంగుళం కూడా జరగనిచ్చేది కాదు. ప్రార్థనప్పుడు ఎప్పుడూ గోడ పక్కనే నిలబడేది. ఎవరైనా పక్కనుంచి నమస్తే పెడితే వినిపించిన వైపు తల పూర్తిగా తిప్పి నవ్వేది. గర్విష్ఠి అని కొందరు టీచర్లు అనుకునేవాళ్ళు. నేను మాట్లాడకుండా ఉండేదాన్ని.

ఆ చలికాలంలో ఒక మధ్యాహ్నం, భోజనాల గంట కొట్టాక, వంటవాళ్ళు ఇద్దరు పప్పు వండిన పెద్ద గంజు చెరోవైపు పట్టుకుని వరండాలో వస్తున్నారు. అక్క తన క్లాసులోంచి బయటికి అడుగు పెట్టింది. గంజు ఆమెకు కుడిపక్క ఉంది. నేను వరండా అవతలి కొస నుంచి చూస్తున్నాను. పిలవాలని నోరు తెరిచాను, అంతలోనే అయిపోయింది. ఆమె మోచెయ్యి తగిలి గంజు ఒరిగింది. వేడి పప్పు, పక్కన పళ్ళెం పట్టుకుని నిలబడ్డ ఏడో తరగతి పిల్ల పాదం మీద పడింది.

ఆ పిల్ల ఏడుపు ఇప్పటికీ నాకు చెవిలో ఉంది. నేనూ ఇంకో టీచరూ బండి మీద దవాఖానకు తీసుకెళ్ళాం. పాదం పైభాగమంతా బొబ్బలెక్కింది. రెండు నెలలకు మానింది, మచ్చ మిగిలింది. అక్క ఆ రెండు నెలలూ వారానికి రెండుసార్లు ఆ పిల్ల ఇంటికి పోయి కూర్చుని వచ్చేది. పిల్ల తల్లి ఒక్క మాట కూడా అనలేదట. తిట్టినా మంచిగుండేదని అక్క నాతో అంది.

బడిలో అందరూ దాన్ని మామూలు ప్రమాదమే అనుకున్నారు. మా ప్రధానోపాధ్యాయురాలు మాత్రం అనుకోలేదు. ఆమెను మేమంతా పెద్ద మేడమ్ అనేవాళ్ళం. ఒకరోజు నన్ను ఒక్కదాన్నే గదిలోకి పిలిచి తలుపు దగ్గరికి వేసింది. నువ్వు డ్రాయింగ్ టీచర్‌తో కలిసి తిరుగుతావు కదా, ఆమెకు చూపు సరిగ్గా ఉందా అని అడిగింది. నేను కాసేపు బల్ల మీది హాజరు పట్టీ వైపు చూశాను. తర్వాత చెప్పేశాను. అన్నీ చెప్పాను. పైపు సంగతి, మెట్ల సంగతి, మేనత్త సంగతి కూడా.

ఎందుకు చెప్పానని నన్ను నేను చాలాసార్లు ప్రశ్నించుకున్నాను. పిల్లల మీద భయంతో చెప్పాను, అది నిజం. తెలిసీ దాచిపెట్టావని రేపు నన్నంటారేమో అన్న భయంతో కూడా చెప్పాను. అదీ నిజం. రెండింట్లో ఏది ముందుందో నాకిప్పటికీ తెలియదు.

ఆ వేసవికి కరోనా వచ్చి బడులు మూతపడ్డాయి. ఆమెలాంటి పార్ట్‌టైం టీచర్లెవరినీ ఆ ఏడాది తీసుకోలేదు. దాంతో నాకు ఒక సాకు దొరికింది. ఆమె నౌకరి పోయింది నా మాట వల్ల కాదు, కరోనా వల్ల అనుకున్నాను. మళ్ళీ తీసుకున్నప్పుడు పాతవాళ్ళందరి పేర్లూ వచ్చాయి. ఆమె పేరు రాలేదు. అప్పుడు ఆ సాకు కూడా పోయింది. అన్ని నెలలూ నేను ఆమె ఇంటికి వెళ్ళలేదు. ఫోన్ చేస్తే రెండు మాటలు మాట్లాడి, ఆన్‌లైన్ క్లాసులున్నాయని పెట్టేసేదాన్ని.

ఆ ఆన్‌లైన్ క్లాసుల కోసమే నేను లాప్‌టాప్ కొన్నాను. ఒకరోజు టీచర్ల వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒక లింకు పంపారు. ఇటలీలో ఫ్లోరెన్స్ అనే నగరంలో ఉన్న పేరుమోసిన మ్యూజియాన్ని ఇంట్లో కూర్చుని చూడొచ్చని రాసి ఉంది. తొమ్మిదో తరగతిలో నేను ఏటా ఒక పాఠం చెప్తాను, యూరప్‌లో సాంస్కృతిక పునరుజ్జీవనం అని. కొత్త ఆలోచనలు, కొత్త బొమ్మలు, మనిషే కేంద్రం అని నోట్సు రాయిస్తాను. ఆ బొమ్మల్లో ఒక్కటి కూడా నేను సరిగ్గా చూసింది లేదు. లింకు తెరిచి రెండు నిమిషాలు చూశాను. నాకు అక్క గుర్తొచ్చింది.

వాళ్ళ ఇంటికి లాప్‌టాప్ సంచీతో వెళ్ళిన రోజు ఆదివారం. మధ్యాహ్నం భోజనాలైన వేళ. ఆమె గడపలో కూర్చుని ఉంది. నా గొంతు విని, తల తిప్పి, నన్ను వెతుక్కుని చూసింది. ఇన్నాళ్ళు ఎందుకు రాలేదని అడగలేదు. మరదల్ని పిలిచి చాయ్ పెట్టమంది. నేను అడగకుండానే లోపల చాప పరిచి గోడకు దిండు వేసింది. నేను వచ్చిన పని చెప్పాను. ఆమె లేచి లోపలి నుంచి ఒక పాత పుస్తకం తెచ్చింది. డ్రాయింగ్ టీచర్ అయ్యేందుకు రాసిన హయ్యర్ పరీక్షకు చదువుకున్న పుస్తకం. అందులో తపాలా బిళ్ళంత నలుపు తెలుపు బొమ్మ ఒకటి చూపించింది. రెక్కలున్న ఒక దేవదూత మోకాలి మీద కూర్చుని ఉన్నాడు. అచ్చు సరిగ్గా పడక ముఖం మసిలాగా ఉంది. ఇది ఆ మ్యూజియంలోదే అని కింద రాసి ఉంది. పరీక్ష కోసం దాన్నే చూసి నలభైసార్లు వేసిందట.

నా ఫోన్ నెట్ లాప్‌టాప్‌కు కలిపాను. మెల్లగా తెరుచుకుంది. పొడవాటి వసారా, రెండు వైపులా తెల్లరాతి విగ్రహాలు, పైకప్పంతా సన్నసన్న బొమ్మలు. నేల మీద బాణం గుర్తులున్నాయి. ఒక గుర్తు నొక్కితే ముందుకు జరుగుతాం. నొక్కినప్పుడల్లా బొమ్మంతా ముందు మసకగా, గళ్ళుగళ్ళుగా వచ్చేది. తర్వాత తేటపడేది. అక్క నా చెయ్యి పట్టుకుంది.

"నాకే గిట్ల మసక కనవడ్తుందా, అందరికీనా?"

అందరికీ అంతే అక్కా, నెట్ స్లోగా ఉంది అన్నాను. ఆమె ఊపిరి వదిలింది. అప్పటి నుంచి ప్రతి బొమ్మకూ మేమిద్దరం సమానంగా ఎదురుచూశాం.

మౌస్ తనకే ఇమ్మంది. ఒక్కో బాణం నొక్కుకుంటూ ఆ వసారా చివరిదాకా పోయింది. అక్కడ కిటికీలోంచి ఒక నది కనిపించింది, నది మీద ఇళ్ళు కట్టిన పాత వంతెన. మన మంజీర కంటే చిన్నదే అంది. మళ్ళీ వెనక్కి తిరిగి వసారా మొత్తం నడిచింది. ఏ గదిలోనూ ఒక్క మనిషి లేడు. ఇంట్లో ఆమె మంచానికి, తలుపు రెక్కకు, బిందెకు తగులుకునేది. మోకాళ్ళ మీద ఎప్పుడూ ఏదో ఒక కమిలిన గుర్తు ఉండేది.

"గీడ నాకు ఏదీ తాకుతలేదు చెల్లె," అంది. అలా అంటూ ఇంకా వేగంగా నొక్కింది.

అట్లా మొదలై దాదాపు రెండేళ్ళు, వీలైన ప్రతి ఆదివారం వెళ్ళాను. మొదట్లో నేను ముందురోజు చదువుకుని, నోట్సు రాసుకుని వెళ్ళేదాన్ని. బొమ్మ తెరుచుకోగానే ఎవరు వేయించారు, ఎందుకు వేయించారు అని పాఠం మొదలుపెట్టేదాన్ని. ఆమె రెండు వారాలు ఓపిక పట్టింది. మూడో వారం, చరిత్ర తర్వాత చెప్పు, మొదలు చూడనీయమంది. పిల్లలకు చెంబు చూపించినట్టు నాకు బొమ్మ చూపించింది. గుడ్డ మడతలో వెలుగు ఎటు నుంచి పడుతోంది, వేలికీ వేలికీ మధ్య చీకటి ఎంత ఉంది అని అడిగేది. నేను చెప్పలేకపోయేదాన్ని. ఇన్నేళ్ళుగా రెండు కళ్ళతో ఏం చూశానో అనిపించేది.

ఆల్చిప్ప మీద నిలబడ్డ ఆడమనిషి బొమ్మ దగ్గరికి వెళ్ళిన రోజు నాకు సిగ్గేసింది. ఒంటి మీద బట్ట లేదు, పొడవాటి జుట్టు ఒకటే అడ్డం. అప్పుడే మరదలు చాయ్ గ్లాసులతో వచ్చింది. నేను తెర మూయబోయాను. అక్క నా చెయ్యి ఆపింది. మరదలు వంగి కాసేపు చూసి, గింత జుట్టుకు నూనె ఎంత వడ్తదో అని గ్లాసులు పెట్టి పోయింది. అక్క కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. ఆమె అట్లా నవ్వడం నేను తర్వాత చూడలేదు.

ఆమె పుస్తకంలోని దేవదూత దొరకడానికి మాకు చాలా వారాలు పట్టింది. ఏ గదిలో ఉందో తెలియక వెతుక్కున్నాం. దొరికినప్పుడు ఆమె తన భాషలో "యాడీ" అంది. అమ్మా అని. తపాలా బిళ్ళంత అనుకున్నది గోడంత పొడవుంది. రంగులున్నాయి. దేవదూత గడ్డి మీద మోకాలు మోపి ఉన్నాడు. గడ్డిలో ఒక్కో పువ్వూ విడివిడిగా ఉంది. ఎదురుగా రాతి బల్ల ముందు ఏసు తల్లి కూర్చుని ఉంది. ఆమె కుడిచెయ్యి పుస్తకం మీద ఉంది. వెనక చెట్లు, ఇంకా వెనక నీళ్ళు, పొగమంచులో కొండ. అక్క ఆ బొమ్మను ఒకేసారి చూడలేదు. ఆమె చూపుకు ఒకసారికి కొంచెమే అందేది. ఎడమ అంచు నుంచి మొదలుపెట్టి, ఒక్కో జాగా దగ్గరికి లాక్కుని, చూసి, పక్కకు జరిపి, మళ్ళీ చూసింది. మూడు ఆదివారాలు ఆ ఒక్క బొమ్మే.

మూడో ఆదివారం ఆమె ఒక తప్పు పట్టుకుంది. తల్లి కుడిచెయ్యి ఉండాల్సినదాని కంటే పొడవుగా ఉందని, భుజం నుంచి పుస్తకం దాకా అంత దూరం అందదని అంది. తన చెయ్యి చాపి చూపించింది. అంత పెద్ద చిత్రకారుడు తప్పు వేస్తాడా అన్నాను. ఇంటికెళ్ళి వెతికితే ఇంకెందరో అదే మాట అన్నారని తెలిసింది. ఆ బొమ్మను ఎదురుగా కాక కుడిపక్క నుంచి చూడటానికి వేశాడేమోనని, అటునుంచి చూస్తే చెయ్యి సరిపోతుందని కొందరు రాశారు. మరుసటి వారం ఆ సంగతి చెప్పి, గదిలో కుడివైపు బాణం నొక్కి, బొమ్మకు పక్కగా నిలబడేట్టు జరిగాను. నిజంగానే చెయ్యి కురచై సరిగ్గా అమరింది.

అక్క చాలాసేపు చూసింది. "గంతే మరి. పక్కకెంచి చూడాలె," అంది. ఆ తర్వాత ఆ రోజు ఇంకేమీ చూడనంది. చాయ్ తాగి, తమ్ముడికి కోటగిరి వైపు కోతలు దొరికాయని, పొలాలకు కాలువ నీళ్ళు బాగా వచ్చాయని మాట్లాడింది.

గుండ్రటి బొమ్మ దగ్గరికి వెళ్ళేసరికి ఏడాది దాటింది. చెక్కిన చట్రంలో గుండ్రంగా ఉన్న పెద్ద బొమ్మ అది. ఒక తల్లి నేల మీద కూర్చుని, నడుము వెనక్కి తిప్పి, భుజం మీదుగా చేతులు చాచి ఉంటుంది. వెనక ఒక ముసలాయన. ఇద్దరి చేతుల మధ్య బిడ్డ. అక్క దాన్ని చూసి, తన కంటికి లోకంలో అన్ని బొమ్మలూ ఇట్లా గుండ్రంగానే కనిపిస్తాయని, ఇదొక్కటే తనకూ నాకూ ఒకేలా కనిపిస్తోందని అంది. తర్వాత అడిగింది, ఈ తల్లి బిడ్డను తీసుకుంటోందా, ఇస్తోందా అని. తీసుకుంటోంది అన్నాను. కాదు ఇస్తోంది, చేతి వేళ్ళు చూడు, పట్టు వదులుతున్నయి అంది. ఒకరి మాట ఒకరం ఒప్పుకోలేదు. ఆమె మళ్ళీ దగ్గరికి లాక్కుని చూస్తూ కూర్చుంది.

ఆ రోజే ఎందుకు చెప్పానో నాకు తెలియదు. ముందుగా అనుకుని వెళ్ళలేదు. పెద్ద మేడమ్‌కు నీ కళ్ళ సంగతి చెప్పింది నేనే అక్కా అన్నాను. 

ఆమె తెర మీంచి చూపు తీయలేదు. "ఎరుకే," అంది. "మేడమే నాతోని చెప్పింది. గప్పుడే."

నేను వచ్చిన మొదటి ఆదివారం నుంచీ ఆమెకు తెలుసు. దిండు వేసినప్పుడు తెలుసు, చాయ్ పెట్టించినప్పుడు తెలుసు. నేను ఏడవడం మొదలుపెట్టాను. ఆమె ఏడవొద్దని అనలేదు, వీపు నిమరలేదు. నెమ్మదిగా మాట్లాడింది.

"నువ్వు చెప్పింది తప్పు గాదు చెల్లె. నువ్వు చెప్పకుంటె నేను ఇంకో పిల్లను కాల్చేదాన్నేమో. గని ముందుగాల నాకు చెప్పి, తర్వాత మేడమ్‌కు చెప్పుంటె మంచిగుండు. నేనే పోయి చెప్పుకునేదాన్ని. నా నోటితోని చెప్పుకునేదాన్ని."

  క్షమించానని ఆమె ఎన్నడూ అనలేదు, నేనూ అడగలేదు. మరుసటి ఆదివారం వెళ్ళాలా వద్దా అని ఆ వారమంతా మథనపడ్డాను. వెళ్ళాను. చాప పరిచి ఉంది.

తర్వాతి చలికాలానికి పైపు ఇంకా సన్నబడింది. మౌస్ గుర్తు తెర మీద ఎక్కడుందో ఆమెకు దొరికేది కాదు. మౌస్ నాకిచ్చింది. దేవదూత ముఖం మొత్తం చూడాలంటే నాలుగుసార్లు జరపాల్సి వచ్చేది. తర్వాత ఒక కన్ను మాత్రమే కనిపించేది. తర్వాత ఎండాకాలంలో, తెర వెలుగు మంచులా పరుచుకుంటోందని, అందులో ఏదో ముదురు రంగు కదులుతోందని అంది. ఏ బొమ్మ అది అని అడిగింది. ఆల్చిప్ప మీది ఆడమనిషి అన్నాను. అట్లనా అంది.

అప్పటి నుంచి నేను చూసి చెప్పడం మొదలైంది. ఆమె గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుని కూర్చునేది. నేను గదులు తిరుగుతూ ఎడమ అంచు నుంచి కుడి అంచు దాకా, ఆమె నేర్పినట్టే చెప్పేదాన్ని. వెలుగు ఎటు నుంచి, మడతలు ఎన్ని, ఆకుపచ్చ ఎట్లాంటి ఆకుపచ్చ, నాటు వేసిన నారుదా, కోతకొచ్చిన చెరకుదా. నాకు అదొక పుణ్యంలా ఉండేది. బడిలో పాఠం చెప్పినప్పుడు కూడా నేనంత జాగ్రత్తగా మాట్లాడలేదు. ఆమె కోసమే చేస్తున్నాననుకున్నాను. నా కోసం ఎంత చేసుకుంటున్నానో అప్పుడు తెలియలేదు.

నాలుగైదు నెలలు అట్లా గడిచాయి. ఒక ఆదివారం మళ్ళీ దేవదూత దగ్గర ఉన్నాం. తల్లి వెనకున్న గోడ రాళ్ళ రంగు చెప్తున్నాను. ఆమె చెయ్యి ఎత్తింది.

"ఇగ చాలు చెల్లె," అంది. "నువ్వు చెప్పేది మంచిగనే ఉంది. గని నువ్వు చెప్తుంటె నేను చూసిన బొమ్మ పోతుంది. దాని మీదికెల్లి నీ మాటలు వస్తున్నయి. నిన్న దేవదూత మొఖం యాది చేసుకుందామంటె నీ గొంతు వినొచ్చింది, మొఖం రాలె."

నేను లాప్‌టాప్ మూసేశాను. బయట మరదలు గిన్నెలు తోముతున్న చప్పుడు. అక్క ఇంకో మాట అంది. తన దగ్గర మిగిలినవి ఇక ఈ బొమ్మలేనని, కొత్తవి ఇక రావు కాబట్టి వీటిని జాగ్రత్తగా ఉంచుకోవాలని. కోపం లేదు ఆ గొంతులో. చేతిలో సామాన్లు పట్టుకున్న మనిషి, కాస్త తప్పుకొమ్మని అడిగినట్టు అడిగింది. నేను సంచీ తీసుకుని లేచాను. గల్లీ మలుపు దాకా వచ్చి, ఒక గోడ పక్కన నిలబడి, ఆటో ఎక్కే ముందు చాలాసేపు ముఖం తుడుచుకున్నాను.

ఆ తర్వాత ఒక్కసారి నేను ఒంటరిగా ఆ మ్యూజియం తెరిచాను. వసారాలో నాలుగడుగులు వేశాను. విగ్రహాలు, కిటికీలు, అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. ఒక గదిలోకి వెళ్ళి గోడ మీది బొమ్మ ముందు నిలబడ్డాను. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో తోచలేదు. వెంటనే చరిత్ర గుర్తొచ్చింది, ఎవరు వేయించారు, ఏ వంశం వాళ్ళు అని. మూసేశాను. తొమ్మిదో తరగతికి ఆ పాఠం ఇప్పటికీ చెప్తున్నాను. నోట్సు రాయించడం మానేశాను గానీ, దాని బదులు ఏం చేయాలో ఇంకా తేల్చుకోలేదు.

కిరాయి ఇల్లు ఖాళీ చేసి వాళ్ళు తండాకు వెళ్ళిపోయారు. అక్కడ దారులన్నీ ఆమె కాళ్ళకు తెలుసు, చిన్నప్పటి నుంచి నడిచినవి. పొద్దున మరదలితో పాటు పొలం గట్టు దాకా వెళ్ళి వస్తుంది. తండాలో ఆడవాళ్ళు ఆమెకు ఎక్కువ తోడుగా ఉంటారు. ఆమె మేనత్త అట్లాగే బతికింది కాబట్టి వాళ్ళకు ఎట్లా నడుచుకోవాలో తెలుసు. ఎదురొస్తే ముందే పేరు చెప్తారు. సామాను దారిలో పెట్టరు. మా బడిలో ఇన్ని చదువులు చదివిన మాకు అది చేతకాలేదు.

నెలకోసారి వెళ్తాను. నస్రుల్లాబాద్ దాకా బస్సు, అక్కడి నుంచి షేర్ ఆటో. బియ్యంలో రాళ్ళు ఏరుతూనో, మరదలి బిడ్డకు జడ వేస్తూనో ఉంటుంది. నీళ్ళ సంగతులు, కోతల సంగతులు, బడి సంగతులు మాట్లాడుకుంటాం. బొమ్మల మాట నేను ఎత్తను, ఆమె ఎత్తదు. మాటల మధ్య కొన్నిసార్లు ఆమె ఒక్కసారిగా ఆగిపోతుంది. ముఖం కొంచెం పైకెత్తి, ఎదుట ఏదో ఉన్నట్టు, తలను మెల్లగా ఎడమ నుంచి కుడికి తిప్పుతుంది. అప్పుడు నేను మాట్లాడను. అది అయిపోయాక, ఏమంటున్నవ్ అని తనే అడుగుతుంది. నేను ఎక్కడ ఆపానో అక్కడి నుంచి చెప్తాను.

మొన్న వెళ్ళినప్పుడు నన్ను సాగనంపడానికి రోడ్డు దాకా వచ్చింది. నా మోచేతి మీద చెయ్యి వేసి నడిచింది. ఎండ తగ్గింది. రెండు వైపులా నాట్లు అయిపోయి పొలాలు నిండుగా ఉన్నాయి. ఆటో వచ్చింది. ఎక్కి కూర్చున్నాను. పైలంగ పో అంది. ఆటో కదలగానే అలవాటు చొప్పున వెనక్కి తిరిగి చెయ్యి ఊపాను. ఆమె ఆటో చప్పుడు పోతున్న వైపు ముఖం పెట్టి నిలబడి ఉంది. నేను చెయ్యి దించుకుని, ఆమె కనిపించినంతసేపు అట్లాగే చూస్తూ కూర్చున్నాను.